6×2 అడుగుల బల్ల మీద నౌపడ చిన్న రైలు: విశాఖ చెమ్మలో నేరో గేజ్ మోడల్ నిలవాలంటే

మీరు అడిగింది టూకీగా ఇది. విశాఖలో ఫ్లాట్, గోడ పక్కన 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు చోటు. అందులో శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి ఒడిశాలోని గుణుపూర్ దాకా ఉండిన నేరో గేజ్ (పట్టాల మధ్య ఎడం తక్కువ ఉన్న) లైన్ మోడల్ కావాలి. ఇదివరకు కట్టిన బల్ల వానాకాలంలో వంగింది, ఇంజన్ పాయింట్ల (రైలుని ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకి మళ్లించే చోట్ల) మీద ఆగిపోతోంది, పెట్టెలు కూడా అక్కడే పట్టాలు తప్పుతున్నాయి. వేరే ఇంజన్ కొంటే బాగుపడుతుందా అని అడిగారు.

బాగుపడదండి. నేరో గేజ్ మోడల్ ఇంజన్ తేలిక, చక్రాలు తక్కువ, చక్రాల మధ్య దూరం కూడా తక్కువ. పట్టాలో అర మిల్లీమీటరు ఎత్తుపల్లం ఉంటే పెద్ద ఇంజన్‌కి మిగతా చక్రాలు ఆసరా ఇస్తాయి, చిన్న ఇంజన్‌కి ఆ ఆసరా ఉండదు. మీ మూడు సమస్యలూ పట్టాలోనూ, పట్టా కింది చెక్కలోనూ ఉన్నాయి. డబ్బు, ఓపిక ముందు అక్కడ పెట్టండి, ఇంజన్ కొనడం చివరికి ఉంచండి.

ముందు స్కేలు, అంటే మోడల్ అసలుకన్నా ఎన్ని రెట్లు చిన్నది అన్న సంగతి. పర్లాకిమిడి రాజావారి చొరవతో 1900లో మొదలై, 1931 నాటికి గుణుపూర్ దాకా చేరిన ఆ లైనులో అప్పట్లో పట్టాల మధ్య దూరం 762 మి.మీ., అంటే రెండున్నర అడుగులు. 1:87 స్కేలు తీసుకుని 762ని 87తో భాగిస్తే 8.76 వస్తుంది. బజారులో దొరికే 9 మి.మీ. పట్టాకి వాడుకలో ఉన్న స్కేళ్లలో ఇంతకన్నా దగ్గరిది లేదు. అదే 1:76 తీసుకుంటే 10 మి.మీ. కావాలి, 9 మి.మీ. పట్టా మీద బండి పక్కలకి పొంగినట్టు కనిపిస్తుంది. 1:48లో 15.9 వస్తుంది కాబట్టి 16.5 మి.మీ. పట్టా సరిపోతుంది, మోడల్ కూడా చేతికి నిండుగా ఉంటుంది, కానీ మీ 6 అడుగుల్లో స్టేషన్ పట్టదు. కాబట్టి 1:87, 9 మి.మీ. పట్టా. నౌపడ దగ్గర పక్కనే బ్రాడ్ గేజ్ చూపించాలనుకుంటే దానికి లెక్కప్రకారం 19.26 మి.మీ. ఉండాలి, రెడీమేడ్ దొరికేది 16.5. బ్రాడ్ గేజ్ ముక్కని బల్ల వెనక అంచున, రైలు నడవని అలంకారంగా పెట్టేటట్లయితే రెండు పట్టాలూ విడిగా కొని చేత్తో 19.3 మి.మీ. దూరంలో అతికించండి. రెండు గేజుల తేడా అప్పుడే కంటికి కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

ఇక పట్టాల నక్షా. 2 అడుగుల వెడల్పులో గుండ్రంగా తిప్పాలంటే 9 అంగుళాల, అంటే 229 మి.మీ. రేడియస్‌కి దిగాల్సిందే. నాలుగు చక్రాల వ్యాగన్లు దాని మీద తిరుగుతాయి. 12 సెం.మీ. పొడవున్న ప్యాసింజర్ పెట్టెలు మాత్రం కప్లింగుల దగ్గర ఒకదాన్నొకటి పక్కకి నెట్టుకుంటాయి. వాటికి కనీసం 305 మి.మీ. కావాలి, 305తో వలయం మీ బల్లలో పట్టదు. నా సలహా, వలయం మానేసి ఒక కొస నుంచి ఇంకో కొసకి నడిచే నక్షా వేసుకోండి. ఎడమ పక్క టెర్మినస్ స్టేషన్, కుడి పక్క రైళ్లు మార్చుకునే దాపు చోటు.

కొలతలు ఇలా వస్తాయి. ఎడమ అంచున ఇంజన్ నిలబడే మొండి పట్టా 12 సెం.మీ. తర్వాత పాయింట్ సుమారు 13. పాయింట్ల మధ్య మూడు పెట్టెలు నిలిచే ఖాళీ 36, మళ్ళీ పాయింట్ 13. మొత్తం 74 సెం.మీ.లో ఇంజన్ ముందు నుంచి వెనక్కి మారే లూప్ అయిపోయింది. మూడో పాయింట్ నుంచి గూడ్స్ షెడ్‌కి ఒక సైడింగ్ తీయండి. మిగిలిన మీటరు పైచిలుకులో కుడి కొస దాపు చోటుకి పోగా ఉన్నదంతా ఊరు దాటిన లైనుకి వదలండి. అక్కడ ఇంకో పాయింట్ పెట్టాలన్న కోరిక ఆపుకోండి, నేరో గేజ్ అందం ఆ ఖాళీలోనే ఉంది. దాపు చోటులో యార్డ్ అక్కర్లేదు. 60 సెం.మీ. పొడవు, 6 సెం.మీ. వెడల్పు ప్లైవుడ్ పట్టీ మీద 9 మి.మీ. పట్టా అతికించి, రెండు వైపులా చిన్న గోడలు కట్టి, రైలంతా దాంతోనే ఎత్తి మార్చుకోండి. అలాంటివి మూడు చేసుకుంటే మూడు రైళ్లు సిద్ధంగా ఉంటాయి.

బల్ల ఎందుకు వంగింది? మీరు పంపిన ఫొటోలో పైన రంగు వేసి ఉంది, కింద పచ్చి చెక్క కనబడుతోంది. చెమ్మ కింది ముఖం నుంచే ఎక్కింది. ఆ పొర ఉబ్బింది, పైపొర ఉబ్బలేదు, బల్ల విల్లులా వంగింది. ఈసారి ఐఎస్ 710 ముద్ర ఉన్న 12 మి.మీ. బీడబ్ల్యూపీ (నీటిని తట్టుకునే) ప్లైవుడ్ తీసుకోండి. 6×2 ఒకే బల్లగా కాకుండా 3×2 అడుగుల ముక్కలు రెండు చేయించండి, లిఫ్టులో పడతాయి. కింద చట్రానికి కూడా అదే ప్లైవుడ్‌ని 75 మి.మీ. ఎత్తు పట్టీలుగా కోయించి, నిలువుగా నిలబెట్టి, 40 సెం.మీ.కి ఒక అడ్డపట్టీ వేయించండి. వడ్రంగి రీపర్లు వాడదామంటాడు, వద్దనండి. ఆరని రీపరు ఆర్నెల్లలో మెలి తిరుగుతుంది. తీగలు పోవడానికి అడ్డపట్టీల్లో 20 మి.మీ. రంధ్రాలు ఇప్పుడే కొట్టించండి, పట్టా వేశాక డ్రిల్లు పెడితే అదురుకి అతుకులు ఊడతాయి. తర్వాత పైన, కింద, నాలుగు అంచులు, రంధ్రాల లోపల కూడా సాండింగ్ సీలర్ రెండు పూతలు. అంచుల్లో పొరల మధ్య నుంచే నీరు ఎక్కువ పీలుస్తుంది కాబట్టి అక్కడ మూడు.

రెండు బల్లల్ని రెండు 8 మి.మీ. బోల్టులతో బిగించండి. బోల్టు బిగువుకే గాని గురికి పనికిరాదు, గురి కోసం రెండు ఇత్తడి డోవెల్స్ (రంధ్రంలో బిగుతుగా కూర్చునే కడ్డీలు) విడిగా పెట్టాలి. కలిసే చోట పట్టా చివరల కింద రాగి పూత ఉన్న సర్క్యూట్ బోర్డు ముక్కలు స్క్రూలతో బిగించి, పట్టాని వాటి మీద టంకం పెట్టండి. రెండు పట్టాల మధ్య రాగి పూతని ఆకురాయితో గీసి విడగొట్టడం మరిచిపోతే షార్టు అవుతుంది.

పట్టాకి పీకో కంపెనీ వారి కోడ్ 80 (పట్టా ఎత్తు 0.080 అంగుళం) నేరో గేజ్ ఫ్లెక్సిబుల్ ట్రాక్ మంచి ఎంపిక. 914 మి.మీ. పొడవు ముక్కలు వస్తాయి, మీ నక్షాకి నాలుగైదు చాలు. పెద్ద లైను రైళ్ల ఇంకా చిన్న మోడళ్లకి వాడే ఎన్ స్కేలు పట్టా కూడా 9 మి.మీ.నే, ధర తక్కువ. కానీ స్లీపర్లు సన్నగా, దగ్గర దగ్గరగా ఉండి మెయిన్ లైన్ పోలిక వస్తుంది. దాపు చోటు పట్టీలకి అది వాడుకోవచ్చు.

పట్టా కింద 3 మి.మీ. కార్క్ షీటు ఫెవికాల్‌తో అతికించి, బరువు పెట్టి ఒక రాత్రి వదలండి. ఆరాక ఇసుక కాగితం చుట్టిన చెక్కదిమ్మెతో ఒకసారి రుద్దితే గడ్డలు పోతాయి. రసమట్టంతో చూసుకోండి. పట్టాని తిన్నగా ఉన్నచోట స్టీలు స్కేలు ఆనించి, వంపులో కార్డ్‌బోర్డ్ టెంప్లేట్ ఆనించి వేయండి. తిన్నటి పట్టా నుంచి వంపులోకి ఒక్కసారిగా తిప్పకండి. వంపుని 5 మి.మీ. లోపలికి జరిపి గీసుకుని, పట్టాని దాని సహజ వంపుతో వదిలితే నెమ్మదిగా కలుస్తుంది. వంపు మధ్యలో అతుకు వస్తుందనుకుంటే రెండు ముక్కల్ని ముందే తిన్నగా ఉంచి టంకం పెట్టి, తర్వాత వంచండి. విడిగా వంచి కలిపితే అతుకు దగ్గర మూల తేలుతుంది, ఇంజన్ ప్రతిసారీ అక్కడే దూకుతుంది. కోసిన ప్రతి చివరా పై లోపలి అంచుని ఆకురాయితో రెండు గీతలు రాయండి. వేలు పెట్టి తోస్తే గోరు తగలకూడదు.

వేడికి పట్టా సాగడం గురించి లెక్క: నికెల్ సిల్వర్ 914 మి.మీ. ముక్క 20 డిగ్రీల తేడాకి సుమారు 0.3 మి.మీ. సాగుతుంది. విజిటింగ్ కార్డు మందం అంతే. తిన్నటి భాగాల్లో అతుకుల మధ్య ఆ కార్డు దూర్చి సందు వదలండి, ఆ అతుకులకి టంకం పెట్టకండి. మే నెలలో పట్టా వేస్తుంటే సగం సందు చాలు. టంకానికి 25 వాట్ల ఐరన్, లోపల రెసిన్ ఉన్న 60/40 తీగ. రేకుల పనివాళ్లు వాడే యాసిడ్ ఫ్లక్స్ దగ్గరికి రానివ్వకండి. సముద్రపు గాలి తోడైతే రెండు వానాకాలాల్లో అతుకు పచ్చబడి తెగిపోతుంది. స్లీపర్ ప్లాస్టిక్ కరగకుండా అతుక్కి అటూ ఇటూ తడి దూది పెట్టండి.

ఫిష్‌ప్లేట్లు (పట్టా చివరల్ని కలిపే చిన్న రేకులు) కరెంటు మోస్తాయని నమ్మవద్దు. పట్టా ముక్క ఎంత చిన్నదైనా దానికి సొంతంగా ఒక తీగ ఉండాలి. 0.5 మి.మీ. ఒంటి తీగని పట్టా బయటి పక్క టంకం పెట్టి కిందికి దించి, ఇళ్ల వైరింగుకి వాడే 1.5 చదరపు మి.మీ. వైరుకి కలపండి. ఎరుపు, నలుపు రంగులు తప్పక పాటించండి.

ఇప్పుడు అసలు జబ్బు, పాయింట్లు. మీ దగ్గరున్నవి లోహపు ఫ్రాగ్ రకం, అంటే రెండు పట్టాలు ఒకదాన్నొకటి దాటే మొన కూడా లోహమే. కదిలే నాలుకలూ ఆ మొనా ఒకే కరెంటు ముక్క. నాలుక ఏ పట్టాకి ఆనితే ఆ పట్టా కరెంటు తీసుకుంటుంది. ఆ ఆనే చోటు గుండుసూది తల కన్నా చిన్నది. అక్కడ ఒక ఇసుక రేణువు, ఒక ఫెవికాల్ మరక, లేదా పట్టాకి తుప్పు రంగు కొట్టేటప్పుడు పడిన తుంపర ఉంటే ఫ్రాగ్‌కి కరెంటు ఆగుతుంది, ఇంజన్ కూడా ఆగుతుంది. మీరు వేలితో నెడితే కదిలిపోతోందన్నారు కదా, కారణం ఇదే.

పరిష్కారం: పాయింట్ ఊడదీసి, ఫ్రాగ్ కింద ఒక తీగ టంకం పెట్టండి. ఫ్రాగ్ నుంచి బయటికి పోయే రెండు లోపలి పట్టాలకి ప్లాస్టిక్ ఫిష్‌ప్లేట్లు వేయండి. ఫ్రాగ్ తీగని మూడు కాళ్ల మైక్రోస్విచ్ మధ్య కాలికి, మిగతా రెండు కాళ్లని ఎరుపు, నలుపు వైర్లకి కలపండి. పాయింట్ కదిలించే కడ్డీయే ఆ స్విచ్‌ని కూడా నొక్కేలా అమర్చండి. చేత్తో లాగే కడ్డీ, కింద స్లైడ్ స్విచ్ ఉన్నా చాలు. సర్వో మోటారు పెడుతుంటే పాయింట్ లోపలి చిన్న స్ప్రింగ్ తీసేయండి, లేకపోతే మోటారు దాంతో కొట్లాడి వేడెక్కుతుంది. ప్లాస్టిక్ ఫిష్‌ప్లేట్లు మరిచిపోతే, రెండు వైపుల నుంచి కరెంటు ఇచ్చిన మరుక్షణం షార్టు.

పాయింట్ల దగ్గర పట్టాలు తప్పడానికి వేరే కారణాలు. ముందుగా చక్రాల జతల వెనక ముఖాల మధ్య దూరం వెర్నియర్‌తో కొలవండి, 7.4 నుంచి 7.6 మి.మీ. మధ్య ఉండాలి. అంతకన్నా తక్కువైతే చక్రం వెనక వైపు తెరిచి ఉన్న నాలుకని రాసుకుంటూ పోతుంది. లోహపు ఫ్రాగ్ పాయింట్‌లో అది కన్ను మూసి తెరిచేంత షార్టుగా కూడా కనిపిస్తుంది, డీసీసీ (ఇంజన్‌కి పట్టాల ద్వారా డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతి) ఉంటే మొత్తం లైను ఆగుతుంది. ఎక్కువైతే చక్రం ఫ్రాగ్ మొన ఎక్కుతుంది. ఇరుసుని మెల్లగా తిప్పుతూ లాగితే చక్రం జరుగుతుంది, పటకారుతో పట్టుకోకండి. చక్రాలు సరిగ్గా ఉండి కూడా ఒకే వైపు పోయేటప్పుడు తప్పుతుంటే, నాలుక కొస పట్టాకి పూర్తిగా ఆనడం లేదు. కొసని సన్నటి ఆకురాయితో కత్తి అంచులా పలచన చేయండి. రెండు వైపులా తప్పుతుంటే పాయింట్ కింద కార్క్ ఎగుడుదిగుడుగా ఉంది. దీపం వెనక పెట్టి, స్టీలు స్కేలు పట్టా మీద నిలబెట్టి చూస్తే వెలుతురు ఎక్కడ దూరుతోందో అక్కడ తేడా.

కంకర పోయకముందు ఒక వారం రైలు నడపండి. ఇంజన్‌తో తోయించి, లాగించి, అన్ని పాయింట్ల మీదా వెనక్కి నడిపి చూడండి. కంకర అతికాక సరిచేయడం అంటే పగలగొట్టడమే.

కంకరకి క్రషర్ డస్ట్‌ని టీ జాలిలో జల్లించి, జాలి కింద పడిన పొడిని మళ్ళీ సన్న గుడ్డలో జల్లించి, గుడ్డలో మిగిలింది తీసుకోండి. సముద్రపు ఇసుక ఊరికే దొరుకుతుంది కదా అని వాడకండి. భీమిలి నుంచి శ్రీకాకుళం దాకా తీరపు ఇసుకలో ఇల్మెనైట్ లాంటి నల్ల ఖనిజాలు ఉంటాయి. వాటిలో అయస్కాంతానికి అంటుకునే రేణువులు ఇంజన్ మోటారులోకి ఎక్కి గేర్లు తినేస్తాయి, ఇక ఉప్పు సంగతి చెప్పక్కర్లేదు. ఏ పొడి వాడినా బలమైన అయస్కాంతాన్ని కాగితంలో చుట్టి మూడుసార్లు తిప్పండి. పొడి పోసి, కుంచెతో సర్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తుంపరతో తడిపి, ఒక పాలు ఫెవికాల్‌కి మూడు పాళ్ల నీళ్లు, రెండు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి సిరంజితో వదలండి. పాయింట్ నాలుకల చుట్టూ రెండు సెంటీమీటర్లు జిగురు లేకుండా పొడిగానే వదిలేయాలి. బూజు రాకుండా ఆ జిగురులో బోరాక్స్ కలపమని ఎవరైనా చెబితే వినకండి. ఫెవికాల్ బోరాక్స్‌తో కలిస్తే బంకముద్దవుతుంది. బూజుకి మందు మట్టిని, రంపపు పొట్టుని వాడకముందు బాణలిలో వేయించుకోవడమే.

ఇంజన్ విషయానికి వస్తే, ఆ లైనులో ఆవిరి కాలపు గుర్తు పీఎల్ తరగతి 0-6-4 (నడిపే చక్రాలు ఆరు, వెనక చిన్న చక్రాలు నాలుగు) ట్యాంక్ ఇంజన్. రెడీమేడ్‌గా ఆశించకండి. ఎన్ స్కేలు ఆరు చక్రాల మెకానిజం మీద త్రీడీ ప్రింట్ బాడీ, లేదా ఇత్తడి రేకుతో చేసిన బాడీ పెట్టుకోవాలి. ఈ ఇంజన్‌లో మీకు కలిసొచ్చేది వెనక నాలుగు చక్రాల ట్రక్కు. దాన్ని ఊరికే దొర్లనివ్వకుండా, 0.2 మి.మీ. ఫాస్ఫర్ బ్రాంజ్ తీగలు చక్రాల వెనక ముఖాలకి ఈక తగిలినంత తేలిగ్గా ఆనించి, వాటి నుంచి కూడా కరెంటు తీయండి. కరెంటు తీసుకునే చక్రాలు ఆరు నుంచి పది అవుతాయి. తీగ గట్టిగా నొక్కితే ట్రక్కు తిరగక పట్టా తప్పుతుంది. డీజిల్ కాలం కావాలంటే పని సులువు. రెండు ట్రక్కుల ఎన్ స్కేలు డీజిల్ మెకానిజం మీద బాడీ కూర్చుంటే చాలు, ఎనిమిది చక్రాలూ కరెంటు తీసుకుంటాయి. మొదటి ఇంజన్‌గా నేను దీన్నే సూచిస్తాను.

ఒక్క రైలుకి డీసీసీ ఎందుకని అడిగారు. నిలకడ కోసం. ఇంజన్‌లో డీసీసీ ఆదేశాలు అందుకునే డీకోడర్‌కి, పట్టా నుంచి కరెంటు క్షణం ఆగినా నడిపించే కెపాసిటర్ తోడు పెట్టవచ్చు, మామూలు డీసీలో దిశ మారినప్పుడల్లా ధ్రువాలు తారుమారవుతాయి కాబట్టి ఆ వీలు లేదు. బాడీలో పట్టినన్ని టాంటలం కెపాసిటర్లు, మొత్తం 1,000 మైక్రోఫారడ్ చుట్టుపక్కల, 25 వోల్టుల రకం, ఛార్జింగ్ దారిలో 100 ఓమ్‌ల రెసిస్టర్, దాని పక్కన డయోడ్. ధ్రువాలు తిరగేస్తే టాంటలం పేలుతుంది, రెండుసార్లు చూసుకోండి. డీసీలోనే ఉంటానంటే కోర్‌లెస్ (లోపల ఇనుప కోర్ లేని) మోటారు ఉన్న ఇంజన్‌కి తక్కువ ఫ్రీక్వెన్సీ పల్స్ కంట్రోలర్ వాడకండి, మోటారు వేడికి పోతుంది.

పెట్టెల బరువుకి ఎన్ స్కేలుకి ఎన్‌ఎంఆర్‌ఏ (అమెరికా మోడల్ రైల్వే సంఘం) సూచించిన లెక్క ఇక్కడా పనిచేస్తుంది: 14 గ్రాములు, దానిపైన ప్రతి అంగుళం పొడవుకి సుమారు 4 గ్రాములు. 10 సెం.మీ. పెట్టెకి 30 గ్రాములు వస్తుంది. బరువు నేలకి దగ్గరగా ఉండాలి, పైకప్పు కింద పెడితే వంపులో ఊగుతుంది. టైర్ల షాపులో దొరికే సీసం ముక్కలు బాగుంటాయి. కానీ సీసాన్ని ఫెవికాల్‌తో అతికించకండి. ఆ జిగురు నుంచి వచ్చే ఆమ్లానికి సీసం తెల్లగా పూసి, ఉబ్బి, ఏడాది రెండేళ్లలో బాడీని లోపలి నుంచి పగలగొడుతుంది. అరాల్డైట్ వాడండి. రెండు ట్రక్కుల్లో ఒకదాని స్క్రూ పక్కకి ఊగనంత బిగువుగా, రెండోది అన్ని వైపులా ఊగేంత వదులుగా ఉంచితే పెట్టె ముక్కాలి పీటలా మూడు చోట్ల ఆని నిలుస్తుంది.

దృశ్యం గురించి ఎక్కువ చెప్పను, మీ ఫొటోల్లో తాటిచెట్లు ఇప్పటికే బాగున్నాయి. నౌపడ అంటే ఉప్పు మళ్ళు కాబట్టి వెనక భాగమంతా చదునుగా ఉంచండి, కొండలు పెట్టకండి. మడిలో నీటికి రెసిన్ పోయక్కర్లేదు, బూడిదరంగు మీద నిగనిగలాడే వార్నిష్ మూడు పూతలు చాలు.

నిర్వహణకి వారానికి ఒకసారైనా పది నిమిషాలు రైలు నడపండి, నడిచే పట్టాకి మకిలి తక్కువ పడుతుంది. నెలకోసారి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన నూలు గుడ్డని చెక్కముక్కకి చుట్టి పట్టా తుడవండి. ఇసుక కాగితం ఎప్పుడూ వద్దు. అది గీసిన గాట్లలోనే నల్లమకిలి నిలుస్తుంది, ఆ తర్వాత ప్రతి వారమూ తుడవాల్సి వస్తుంది. ఇంజన్ చక్రాలకి, తడిపిన టిష్యూని పట్టా మీద పరిచి, ఒక చివర చక్రాలు పట్టా మీద ఉంచి, మరో చివర చక్రాలు టిష్యూ మీద తిరగనివ్వండి. నల్లటి రెండు గీతలు పడతాయి. రబ్బరు టైరు ఉన్న చక్రానికి ఆల్కహాల్ తగలనివ్వకండి. నూనె ఆర్నెల్లకి ఒకసారి, గుండుసూది మొనతో తీసిన చుక్క, ఇరుసు చివరలకి మాత్రమే. మోటారు కమ్యుటేటర్‌కి (లోపల కార్బన్ ముక్కలు రాసుకునే రాగి చుట్టుకి) నూనె తగిలితే కార్బన్ ముద్దగట్టి ఇంజన్ ఆగుతుంది.

బల్ల మీద పల్చటి నూలు దుప్పటి కప్పి ఉంచండి. ప్లాస్టిక్ కవరు వానాకాలంలో చెమ్మని లోపలే బంధిస్తుంది. దుప్పటి బల్లులకి కూడా పనికొస్తుంది. బల్లి రెట్ట ఒక రాత్రిలో పట్టా మీద మచ్చ పెడుతుంది, చూసిన వెంటనే తడి గుడ్డతో తీసేయాలి. ఇంజన్లని సిలికా జెల్ ఉన్న గాలి చొరని డబ్బాలో పెట్టండి. అల్మారాల్లో వాడే, నీరు చేరే రకం తేమ డబ్బాలు బల్ల మీద గాని బల్ల పైన అరలో గాని పెట్టకండి. అందులో చేరేది కాల్షియం క్లోరైడ్ నీళ్లు, ఒలికితే పట్టాలు, అతుకులు రెండూ పోతాయి. జూన్ మొదట్లో, వానలు పడకముందే, బల్లల బోల్టులు పావు చుట్టు వదులు చేసి, అక్టోబరు దాటాక మళ్ళీ బిగించి, కలిసే చోట పట్టా గురి సరిచూసుకోండి.